నన్నారి గడ్డను పొలాల్లోకి తెద్దాం

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఎండాకాలం పానీయాల మీద వేసిన పేజీ చదివాను. నన్నారి షర్బత్ గురించి బాగా రాశారు, ఒంటికి చలువ చేస్తుందని, దప్పిక తీరుతుందని, మా కడప ఎండలకు అంతకన్నా మంచిది లేదని. సంతోషం. అయితే చివర్లో ఒక మాట పెట్టారు, అడవి గడ్డే అసలుదని, కొనే ముందు అది అడవి నుంచి తెచ్చిన గడ్డలతో చేసిందో కాదో అడిగి మరీ కొనమని. అది చదివినప్పటి నుంచి మనసు మనసులో లేదు, అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఇరవై రెండేళ్లుగా కడపలో మా ఇంట్లోనే నన్నారి పాకం కాచి సీసాలకు పోసి అమ్ముతున్నాను. మా పిల్లలిద్దరి చదువులు ఆ పాకం మీదే గడిచాయి. ఆ గడ్డలు ఎక్కడి నుంచి వస్తున్నాయో, ఏడాదికేడాది ఎట్లా సన్నబడిపోతున్నాయో చేత్తో పట్టి చూసేదాన్ని కాబట్టి చెప్తున్నా, అడవి గడ్డే కావాలని దయచేసి జనాన్ని ఎగదోయొద్దు.

అసలు నన్నారి అంటే ఏ మొక్కో కూడా చాలామందికి తెలీదు. ఆ పేరు మీద రెండు మొక్కలు నడుస్తున్నాయి. ఒకటి సుగంధిపాల, చేను గట్ల మీద, కంపల్లో అల్లుకునే సన్న తీగ, ఆకు మధ్యలో తెల్లటి చార ఉంటుంది, వేరు సన్నగా పొడుగ్గా పోతుంది. రెండోది మారేడు గడ్డలు. శివుడికి ఆకు పెట్టే మారేడు చెట్టుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు, పేరొక్కటే కలిసింది. ఇది కొండల్లో రాళ్ల సందుల్లో పుట్టి పక్క చెట్ల మీదికి ఎగబాకే తీగ, తుంచితే పాలు కారతాయి, మొదలు కింద ముల్లంగి గుత్తిలాగా లావాటి గడ్డలు దిగుతాయి. పుస్తకాల్లో దీని పేరు డెకాలెపిస్ హామిల్టోని. మన దక్షిణాది కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా తనంతట తాను పుట్టని మొక్క ఇది. మా బజారులో నన్నారి అని బస్తాల్లో వచ్చేది ఎక్కువగా ఈ రెండోదే, ఎందుకంటే గడ్డ లావు, వాసన ఘాటు, కొంచెం వేస్తే చాలు పాకం ఘుమఘుమలాడుతుంది. ఐస్‌క్రీముల్లో వేసే వెనిల్లా వాసనకు ఈ వాసన దగ్గరి చుట్టమని మా అబ్బాయి చదివి చెప్పాడు, రెంటిలో ఉన్న పరమాణువులు అవేనంట, అమరిక ఒక్కటే తేడా అంట. కర్ణాటక వైపు దీన్నే మాకళి బేరు అంటారు, ఊరగాయ పెట్టుకుంటారు, కాబట్టి అటు నుంచి కూడా గిరాకీ ఉంది.

మా అమ్మ ఊరు సిద్ధవటం పక్కన. లంకమల కొండలు ఇంటి వాకిట్లో నిలబడితే కనిపించేవి. చిన్నప్పుడు ఉగాది దాటి పది రోజులైతే ఒక యానాది తాత గంపలో గడ్డలు పెట్టుకొని మా వీధికి వచ్చేవాడు. అమ్మ ఆయనకు బియ్యం, పాత చీర, కొంచెం డబ్బు ఇచ్చి గడ్డలు తీసుకునేది. కడిగి, రోటి మీద నలగ్గొట్టి, నడిమి కట్టె లాగేసి (పైకండలోనే వాసనంతా ఉంటుంది, నడిమి కట్టె ఎందుకూ పనికిరాదు), రాత్రంతా నానబెట్టి పొద్దున చక్కెర వేసి కాచేది. ఆ రోజు బడి నుంచి వస్తుంటే వీధి మొదట్లోనే తెలిసిపోయేది మా ఇంట్లో పాకం అవుతోందని. నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి, కుండనీళ్లు పోసి ఇచ్చేది.

ఆ తాత గడ్డలు అప్పట్లో నా మణికట్టంత లావుండేవి. ఇంకొన్ని తెమ్మని అమ్మ ఒకసారి అడిగితే ఆయన అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "అన్నీ తీస్తే తీగ సచ్చిపోతాదమ్మా. పక్కవి రెండో మూడో తీసుకొని, తల్లి గడ్డను ముట్టకుండా మట్టి కప్పేసి రావాల. మళ్లా మూడేండ్లకు ఆ తీగ కాడికి పోతే ఇస్తాది" అన్నాడు. ఏ తీగ దగ్గరికి ఎప్పుడు పోయాడో ఆయనకు లెక్క ఉండేది. కాయ పగిలి గింజ ఎగిరిపోయిన తర్వాతే గడ్డపార పట్టేవాడంట. దీని కాయలు జంటగా కాస్తాయి, ఎండి పగిలితే లోపల దూదిపింజల్లాంటి గింజలు గాలికి ఎగిరిపోతాయి. గింజ ఎగరక ముందే తీగను పెకిలిస్తే ఆ ఏడు గింజా పోయింది, తీగా పోయింది. బడి మెట్టు ఎక్కని మనిషికి ఇదంతా తెలుసు.

ఇప్పుడు నాకు గడ్డలు తెచ్చేది ఆ తాత లాంటి వాళ్లు కారు. మధ్యలో ఇద్దరు ముగ్గురు వ్యాపారులు ఉన్నారు. వాళ్లు బస్తాల లెక్కన అడుగుతారు, బస్తా నిండాలంటే కొండ మీద కూలికి పోయినవాడు తల్లి గడ్డ, పిల్ల గడ్డ అని చూస్తూ కూర్చోలేడు, రాయి దొర్లించి గుంత తీసి మొత్తం పెకిలించుకొని వచ్చేస్తాడు, గుంత పూడ్చడు. నాలుగేళ్ల కింద మా బస్తాలో చిటికెన వేలంత గడ్డలు రావడం మొదలైంది. పోయిన ఏడు వాటిలో సగం అట్లాంటివే. చిటికెన వేలంత గడ్డ అంటే అది ఇంకా పసి తీగ, ఒక్కసారి కూడా కాయ కాసి ఉండదు. లావు గడ్డలు ఏమయ్యాయని వ్యాపారిని అడిగితే "దగ్గర కొండల్లో అయిపోయినాయక్కా, ఇంకా లోపలికి పోవాల" అన్నాడు. ఆ మాట విన్న రోజు పాకం కాచబుద్ధి కాలేదు. కానీ ఆర్డర్లు ఉన్నాయి, కాచాను. ఆ బస్తాలు దిగింది నా ఇంట్లోనే కాబట్టి తప్పంతా ఇంకెవరి మీదకో నెట్టలేను.

ఇంకా లోపల అంటే ఏది? లంకమల కొండలు శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం, 1988 నుంచి. అటు పక్క పాలకొండలు, శేషాచలం, 2010లో ఆ శేషాచలం అడవుల్ని, మా జిల్లా భాగం కూడా కలిపి, జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఉత్తరాన నల్లమల, పులుల అభయారణ్యం. మా చుట్టూ కొండలు ఉన్నాయంటే అవి ఏదో ఒక రకంగా కాపాడాల్సిన అడవులే. ఎర్రచందనం పుట్టేది కూడా ఇక్కడే. ఎర్రచందనం దుంగ దొరికితే అన్ని పేపర్లలో ఫొటో పడుతుంది, దేశాల మధ్య దాని వ్యాపారం మీద 1995 నుంచి అంతర్జాతీయ ఆంక్షలు కూడా ఉన్నాయి, అదంతా అవసరమే. మరి అదే కొండ మీద నుంచి దిగే గడ్డల బస్తా గురించి ఒక్క వార్త కూడా నేను చదవలేదు. ఇట్లాగే పోయింది నరమామిడి చెట్టు, మా అమ్మ వాళ్ల ఊరి వైపు ఉండేది. దాని బెరడు పొడి అగరబత్తుల్లో జిగురుకు వాడతారు. చుట్టూ బెరడు వొలిచేస్తే చెట్టు నిలబడే చచ్చిపోతుంది. ఇప్పుడు ఆ చెట్టు ఒకటి చూపించమంటే నేను చూపించలేను.

ఇక్కడ నేను చెప్పేది తప్పుగా అర్థం చేసుకోవద్దు. అడవిలోకి ఎవరినీ పోనీయకుండా గేటు వేసేయమని నేను అనడం లేదు. అట్లా చేస్తే ముందు పట్టుబడేది గంపలో నాలుగు గడ్డలు తెచ్చుకునే యానాది ఆడమనిషే, లారీ మాట్లాడుకున్న వ్యాపారి కాడు. చట్టం సంగతి మా అబ్బాయి చేత చదివించుకున్నాను. 2006 నాటి అటవీ హక్కుల చట్టంలో చిన్న తరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏమేమో రాసి ఉంది, వెదురు, తేనె, తునికాకు, మందు మొక్కలతో పాటు వేర్లు, గడ్డలు అని కూడా ఉంది. తరతరాలుగా సేకరించేవాళ్లకు వాటిని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కు ఉంది. అభయారణ్యాలకు కూడా ఆ చట్టం వర్తిస్తుంది. మా వైపు షెడ్యూల్డ్ ఏరియా (ప్రభుత్వం గిరిజన ప్రాంతంగా ప్రకటించింది) కాదు కాబట్టి ఇవేవీ మాకు వర్తించవని కొందరు అనుకుంటారు, అది నిజం కాదు. ఇంకోవైపు 1972 నాటి వన్యప్రాణి చట్టంలో అభయారణ్యం నుంచి తీసినవి చుట్టుపక్కల జనం సొంత అవసరాలకే తప్ప వ్యాపారానికి వాడకూడదని ఉంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే నాలాంటి మామూలు మనిషికి టెన్షన్ వస్తుంది, ఏది ఎవరికి అని. కానీ ఒకటి మాత్రం స్పష్టంగా అర్థమైంది. నాకు గానీ, నాకు బస్తాలు తోలే వ్యాపారికి గానీ ఆ గడ్డ మీద ఏ హక్కూ లేదు. హక్కంటూ ఉంటే ఆ తాత మనవళ్లకు ఉంది, ఆ హక్కుతో పాటే అడవిని, అందులోని జీవాలను కాపాడే బాధ్యత, అధికారం కూడా గ్రామసభకు ఆ చట్టమే ఇచ్చింది.

అడవి తెలిసినవాళ్లను పక్కనబెట్టి అడవిని కాపాడటం కుదరదని మా జిల్లాలోనే ఒక సాక్ష్యం ఉంది. అది కలివికోడి అనే పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, ఇక అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986లో రెడ్డిపల్లి దగ్గర రాత్రిపూట లైటు వేసుకొని తిరిగే ఒక స్థానిక మనిషి చేతికి దొరికింది. అంతకు ముందు ఆ పక్షి ఉందో లేదో చదువుకున్న పెద్దవాళ్లకు తెలీదు కానీ ఆ కంపల్లో తిరిగే మనుషులకు దాని పేరు తెలుసు, అది ఏ వేళ ఎక్కడ తిరుగుతుందో తెలుసు. రెండేళ్లకు అభయారణ్యం అయింది. నన్నారి తీగ విషయంలో కూడా ఏ కొండలో ఇంకా ఉంది, ఎక్కడ అయిపోయింది, ఎక్కడ గింజ పడి మళ్లీ లేస్తోంది అనేది వాళ్లను అడిగితేనే తెలుస్తుంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో ఒక కమిటీ ఉండాలి, ఊళ్లో ఏ మొక్క ఉందో, దాన్ని ఎవరు ఎట్లా వాడతారో రిజిస్టర్ రాయాలి. సిద్ధవటం, బద్వేలు, అట్లూరు వైపు ఊళ్లలో ఆ రిజిస్టర్ రాసేటప్పుడు ముందు యానాది కాలనీలో కూర్చొని రాయండి. రచ్చబండ దగ్గర రాస్తే సగమే వస్తుంది.

వాళ్లకు నేర్పితే వినరు, డబ్బు కోసం అంతా తవ్వేస్తారు అనేవాళ్లకు తపసి బంక గురించి చెప్తాను. ఒకప్పుడు తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాట్లు పెట్టి బంక తీసేవాళ్లు, చెట్లు ఎండిపోయేవి. తర్వాత గిరిజన సహకార సంస్థ, ఇంకొందరు కలిసి చిన్నగా పైపైన గాటు పెట్టి శుభ్రమైన బంక తీయడం నేర్పించారు, మంచి బంకకు మంచి రేటు పెట్టారు. రేటు వస్తుంటే చెట్టును చంపాలని ఎవరికి ఉంటుంది? నన్నారికి కూడా అట్లాగే చేయొచ్చు. లావు గడ్డకు ఒక రేటు, చిటికెన వేలు గడ్డను అసలు కొనకపోవడం, అంతే. కొనేవాడు ఆపితే తవ్వేవాడు ఆపుతాడు.

అయినా అడవి ఒక్కటే మన అందరి షర్బత్‌కు సరిపోదు. ఒకప్పుడు ఇంటికి ఒక సీసా కాచుకునేవాళ్లం. ఇప్పుడు ప్రతి సెంటర్లో నన్నారి సోడా బండి ఉంది, హైదరాబాదు, బెంగళూరు వెళ్లిన మన పిల్లలు కూడా ఇక్కడి నుంచే తెప్పించుకుంటున్నారు. రాయలసీమ షర్బత్ అంత పేరు తెచ్చుకుంది, అందుకు గర్వంగా ఉంటుంది, నా బతుకు కూడా అదే. కానీ ఇంత మంది తాగేదాన్ని ఇంకా కొండ మీద రాళ్ల సందుల్లో వెతుక్కోవడం ఏమిటి? పసుపు పండించుకుంటున్నాం, మా కోడూరు వైపు బొప్పాయి, అరటి, మామిడి పండిస్తున్నారు, ఈ గడ్డ ఎందుకు పండించరు?

అడిగితే రైతులు మూడు మాటలు చెప్తారు. మొక్క ఎక్కడ దొరుకుతుంది అనేది మొదటిది. అది నిజమైన కష్టమే. గింజ సరిగ్గా మొలవదు, కొమ్మ పెడితే నూటికి అన్నీ బతకవు. నేను ఒక నర్సరీకి పోయి అడిగితే సుగంధిపాల మొక్క చేతిలో పెట్టి ఇదే నన్నారి అన్నారు. కానీ మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ వాళ్లు టిష్యూ కల్చర్‌లో ఈ మొక్కను పెంచే పద్ధతి మీద ఎప్పుడో పనిచేశారు, ఆ విద్య ఉంది. మన అనంతరాజుపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, కడపలోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, జాతీయ ఔషధ మొక్కల బోర్డు 2000 నుంచి ఉంది. ఈ మూడూ కలిసి కూర్చొని రైతు చేతికి మొక్క వచ్చేలా చేయమని మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను.

రెండో మాట, గడ్డ ఊరడానికి కొన్నేళ్లు పడుతుంది, అంతవరకు ఏం తినాలి అని. మామిడికి ఆగుతున్నారు కదా. పైగా దీనికి చేనంతా ఇవ్వక్కర్లేదు, కంచె వెంబడి, మామిడి చెట్ల మొదట్లో పాకించుకోవచ్చు, రాళ్ల నేలలో పుట్టిన తీగ కాబట్టి మా బీడు నేలలు దానికి కొత్తేం కాదు. పండ్ల తోటలకు మొక్కలకు, గుంతలకు సాయం ఇచ్చినట్టే మొదటి రెండు మూడేళ్లు దీనికీ ఇస్తే చాలామంది ముందుకొస్తారు.

మూడో మాట నాకు ఎక్కువ బాధ కలిగించేది, పొలంలో పండింది వాసన రాదు, అడవి గడ్డే అసలుది అనే నమ్మకం. మీ పేజీలో వచ్చిన మాట కూడా అదే కదా. దీనికి నా దగ్గర జవాబు ఉంది. ఐదేళ్ల కింద ఒక బస్తాలో పచ్చిగా ఉన్న తల్లి మొదళ్లు ఏడెనిమిది దొరికితే పారేయబుద్ధి కాక మా ఇంటి వెనక గోడ వారన పాతాను. రెండు బతికాయి. ఎరువేమీ వేయలేదు, అంట్లు కడిగిన నీళ్లు పోయకుండా మాత్రం జాగ్రత్తపడ్డాను, నీళ్లు నిలిస్తే గడ్డ కుళ్లుతుంది. పోయిన సంక్రాంతి తర్వాత ఒక తీగ పక్కన తవ్వి, తాత చెప్పినట్టే పక్క గడ్డలు మూడు తీసుకొని మట్టి కప్పేశాను. వాటితో కాచిన పాకం, అడవి గడ్డతో కాచిన పాకం రెండు సీసాలు పక్కపక్కన పెట్టి ఏది ఏదో చెప్పకుండా మా వాడకం వాళ్లకు పోసిచ్చాను. పదకొండు మందిలో నలుగురే తేడా ఉందన్నారు, ఆ నలుగురిలో ముగ్గురు ఇంటి గడ్డదే బాగుందన్నారు. ఇది పెద్ద పరిశోధన అని నేను చెప్పను, కానీ చిన్నప్పటి నుంచి ఈ వాసన పీలుస్తున్న నా ముక్కు కూడా అదే చెప్పింది.

కాబట్టి ఎడిటర్ గారూ, మీరు ఒక్కటి చేయండి. వచ్చే ఎండాకాలం మళ్లీ ఆ పేజీ వేసేటప్పుడు అడవి గడ్డ కోసం అడగమని రాయొద్దు. ఈ గడ్డ ఎక్కడిది, ఎవరు తవ్వారు, లావెంత అని అడగమని రాయండి. సీసా మీద రంగు, ఎసెన్సు వేసి నన్నారి అని రాసుకునేవాళ్లు ఎట్లాగూ ఉన్నారు, వాళ్ల సంగతి వేరు, నేను నిజమైన గడ్డతో చేసేవాళ్ల గురించి మాట్లాడుతున్నాను. షర్బత్ అమ్మే మేమందరం, కడపలో, ప్రొద్దుటూరులో, రాజంపేటలో, చిటికెన వేలు గడ్డలు కొనబోమని గట్టిగా అనుకుంటే వచ్చే రెండేళ్లలోనే తేడా కనిపిస్తుంది. నేను ఈ ఏడు మొదలుపెట్టాను. వచ్చిన బస్తాలో సన్నవి ఏరి వెనక్కి పంపాను, వ్యాపారి కోపం చేసుకున్నాడు, పాకం సగమే అయింది, కొందరు వాడకందారులకు ఇవ్వలేకపోయాను. కారణం చెప్తే ఎక్కువమంది అర్థం చేసుకున్నారు.

మా గోడ వారన తీగకు ఈసారి పూత బాగా పట్టింది. కాయ నిలబడితే పగలక ముందే గుడ్డ కట్టి గింజలు పట్టి పెడతాను, కావాలన్న రైతులకు ఊరికే ఇస్తాను. పొలంలో పండించి తెచ్చినవాళ్ల దగ్గర అడవి గడ్డకు ఇచ్చే రేటుకే కొంటాను, తూకంలో మట్టికని కోత కూడా పెట్టను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కడప